లుముంబాకు హైదరాబాద్ ఏమవుతుంది?

1961 జనవరి 17 రాత్రి. కాంగో దేశపు తొలి వజీరె ఆజం పాట్రిస్ లుముంబాను కటాంగాలో కాల్చి చంపారు. బెల్జియం అఫ్సర్లు పక్కనే ఉన్నారు. ఆయన ఉమర్ 35 ఏళ్లు. ముల్క్‌కు ఆజాదీ వచ్చి ఏడు నెలలు కూడా నిండలేదు. మట్టి ఇవ్వడానికి మయ్యత్ కూడా మిగల్చకుండా యాసిడ్‌లో కరిగించారు. దునియాకు సంగతి తెలిసింది ఫిబ్రవరిలో.

ఆ ఖూన్ మీద ఇద్దరు షాయిర్లు కలం పట్టారు. ఒకరికొకరు సంబంధం లేనివాళ్లు.

ఒకరు కరేబియన్ దీవి మార్టినీక్‌కు చెందిన ఎమే సెజేర్. 1966లో లుముంబా మీద ఫ్రెంచిలో నాటకం రాశారు. ఆ దీవి నల్లవాళ్ల పూర్వీకులను గులాములుగా ఆఫ్రికా నుంచే ఓడల్లో తెచ్చారు. అంటే సెజేర్‌ది ఖూన్ రిష్తా.

రెండోవారు మన మఖ్దూమ్ మొహియుద్దీన్. మెదక్ జిల్లా అందోల్‌లో పుట్టి, సిటీ కాలేజీలో ఉర్దూ చెప్పి, తెలంగాణ పోరాటంలో జైలుకెళ్లిన మనిషి. లుముంబా కతల్ మీద ఆయన రాసిన నజ్మ్ పేరు ‘చుప్ న రహో’. ఊరుకోవద్దు అని.

మఖ్దూమ్‌కు కాంగోతో ఏ రిష్తా ఉంది? ఖూన్ కాదు, కౌమ్ కాదు, మజ్హబ్ కాదు. దొరల జుల్మ్ ఎట్లుంటదో ఆయన ఇక్కడే చూశారు. ఇంకోటి, ఆయన జబాన్. కులీ కుతుబ్ షా కాలం నుంచీ దక్కన్‌లో మర్సియాలు చెప్పుకున్న జబాన్ అది. ఎక్కడో దూరాన కర్బలాలో షహీద్ అయినవాళ్ల కోసం ఏడ్చిన జబాన్. పరాయి నేల మీద కూలిన మజ్లూమ్ కోసం ఏడవడం దానికి కొత్త కాదు.

ఇవాళ మన ఇళ్లలో ఉర్దూ షాదీ కార్డు మీద మిగిలింది. పిల్లలకు నేర్పట్లేదని బాధపడతాం, సబబే. కానీ పోయింది లిపి ఒక్కటేనా? మనవాళ్లు పోతేనే కళ్లు తడుస్తున్నాయి. మన మీద జుల్మ్ జరిగితే ఎవరూ నోరు విప్పరేమని గిలా చేస్తాం. మరి మనం ఎవరి కోసం నోరు విప్పాం?

2022 జూన్‌లో బెల్జియం లుముంబా ఇంటివాళ్లకు ఒక్క పన్ను అప్పగించింది. మిగిలింది అంతే. 61 ఏళ్ల తర్వాత కిన్షాసాలో దాన్నే దఫన్ చేశారు. ఆ జనాజాకు చాలా ముందే ఫాతెహా చదివినవాళ్లలో మన హైదరాబాద్ షాయిర్ ఒకరు. పిల్లలకు ఉర్దూ నేర్పేటప్పుడు ఈ మాట కూడా చెబుదాం.