మా తదనంతరం వీనికెవరు?

1912 నాటి భారత ఉన్మాద చట్టం బుద్ధిమాంద్యం గలవారిని ఉన్మాదులతో ఒకే గాట కట్టింది. పసితనంనుండే బుద్ధి వికాసం మందగించిన బిడ్డ వేరు, నడివయసులో మతి చలించినవాడు వేరు. ఈ భేదాన్ని గుర్తించి 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం వారిని విడదీయడానికి డెబ్బది అయిదేళ్లు పట్టింది!

చట్టంకంటె ముందు మేల్కొన్నది కన్నవారే. డౌన్ సిండ్రోమ్ గల తమ కుమార్తె దీనా కోసం వకీల్ దంపతులు 1944లో బొంబాయిలో పాఠశాల నెలకొల్పారు. 1984లో సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో జాతీయ సంస్థ వెలసింది. దాని పేరు తర్వాత మారింది. 1995లో తల్లిదండ్రుల సంఘాలు ‘పరివార్’ పేరిట దేశస్థాయిలో ఏకమైనాయి.

అయినను ప్రతి తల్లినీ నిద్రపోనీయని ప్రశ్న ఒకటే: మా తదనంతరం వీనికెవరు? ఉమ్మడి కుటుంబమే దీనికి జవాబనేవారు, ఆస్తి పంపకాలనాడు అటువంటి బిడ్డకు దక్కిన వాటాను చూచి ఉండరు.

1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం ఈ ప్రశ్నను నేరుగా ఎదుర్కొన్నది. పదునెనిమిదేళ్లు నిండినవారికి సంరక్షకుని నియమించే అధికారం స్థానిక కమిటీకి ఇచ్చింది. అందులో జిల్లా కలెక్టరు స్థాయి అధికారి, స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వికలాంగుడు ఒకరు ఉంటారు. నియమితుడు ఆరు మాసాలలోగా బిడ్డ ఆస్తి జాబితా సమర్పించాలి. దానిని అపహరించినా, బిడ్డను అలక్ష్యం చేసినా, తల్లిదండ్రులో బంధువులో అర్జీ పెట్టి అతనిని తొలగింపజేయవచ్చు. మనవారు బళ్ళారిలో ఉన్నా, బరంపురంలో ఉన్నా, ఆ అర్జీ వెళ్లవలసింది అక్కడి కమిటీకే.