మారుతాళం, దొంగతాళం

రెండో తాళంచెవికి తెలుగులో రెండు పేర్లున్నాయి. ఇంటాయన చేయించుకుంటే మారుతాళం, ఇంకొకడు చేయించుకుంటే దొంగతాళం. ఇనుము అదే, పళ్ళు అవే, ఆకురాయి పట్టిన చెయ్యి కూడా ఒకటే కావచ్చు. తేడా అంతా అడిగినవాడు ఎవడన్నదాంట్లోనే ఉంది. అది తేల్చాల్సిన పని చాలాకాలం తాళాలు చేసేవాడి మీదే ఉండేది. ఇప్పుడది అతని చేతుల్లోంచి ఎలా జారిపోయిందో కారు తాళంచెవి చరిత్రలో చూడొచ్చు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు చాలా ఇళ్ళల్లో తాళం కంటే బీగం అనే మాటే ఎక్కువ వినిపిస్తుంది. పక్కనే కన్నడం ఉంది కదా, అక్కడా అది బీగమే. కుప్పం దాటి తమిళంలోకి దిగితే చెవి కాస్తా సావి అవుతుంది. తమిళుల సావికీ, హిందీ వాళ్ళ చాబీకీ మూలం పోర్చుగీసు మాట ‘షావె’. మన తాళంచెవిలో ఉన్న చెవి కూడా ఆ ఇంటి చుట్టమేనేమోనని నాకో అనుమానం. మనిషి చెవే అనుకునేవాళ్ళు అలాగే అనుకోవచ్చు, నష్టమేం లేదు.

తాళం తీసే హక్కు ఒకప్పుడు మనిషికి అంటుకుని ఉండేది. తిరుమలలో సుప్రభాతం వేళ బంగారు వాకిలి తెరిచే తంతు చూడండి. సన్నిధి గొల్ల దివిటీతో ముందు నడుస్తాడు, అర్చకులు కుంచెకోలా తాళాలూ పట్టుకుని వస్తారు. కుంచెకోల అంటే లోపలి గడియని తప్పించే వంపు కడ్డీ. అలాంటి కడ్డీ ఎవరైనా చేయించుకోవచ్చు, దాన్ని పట్టుకుని ఆ గుమ్మం ముందు నిలబడే అధికారం మాత్రం అందరికీ రాదు. 1897లో బొంబాయిలో అర్దేషిర్ గోద్రెజ్ తాళాల తయారీ మొదలుపెట్టాక కథ మారింది. తాళం కంపెనీ సరుకైంది, మనిషి ఎవడైనా చెవి సరిపోతే చాలు.

మొదట్లో కార్లకి ఆ చెవి కూడా పెద్ద అవసరం అనుకోలేదు. ఫోర్డ్ మోడల్-టి కార్లు కోటిన్నర తయారైతే, వాటన్నిటికీ కలిపి కొద్ది రకాల చెవులే ఉండేవి. మీ చెవితో పక్కవాడి కారు బయల్దేరినా ఆశ్చర్యపోనక్కర్లేదు. చెవి తిప్పితే ఇంజను కూడా స్టార్టయ్యే పద్ధతి 1949లో క్రైస్లర్ కార్లతో వచ్చింది. మన అంబాసిడర్, ప్రీమియర్ పద్మినీల కాలంలో చెవి పోతే బస్టాండు దగ్గర గొడుగు కింద, ఇనుప రింగులకి వందల చెవులు వేలాడదీసుకుని కూర్చున్నాయన దగ్గరికి వెళ్ళేవాళ్ళం. ఆయన చెవిని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని ఓసారి చూసి, ఆకురాయి తీసేవాడు. సబ్బుబిళ్ళ మీద అచ్చు తీసుకొచ్చే విలన్లు తెలుగు సినిమాల్లో బోలెడుమంది. సబ్బు పట్టుకొచ్చినవాడికి చెవి చెయ్యకూడదన్న ఇంగితం ఆయనకి ఉండేది. ఆయన పని మొహం చూసి మనిషిని అంచనా వెయ్యడం కూడా. ఎప్పుడూ సరిగ్గానే వేశాడని అనను.

మొహాన్ని నమ్మడం మానేసింది యూరప్. అంతకుముందే అమెరికాలో జనరల్ మోటార్స్ ఓ ప్రయత్నం చేసింది. 1986 కార్వెట్ తాళంచెవిలో చిన్న రెసిస్టర్ పెట్టింది, మొత్తం పదిహేను విలువలు. ఓపికున్న దొంగ పదిహేనూ ప్రయత్నించగలడు. 1990ల మొదట్లో తూర్పు, పడమర యూరప్‌ల మధ్య సరిహద్దులు తెరుచుకున్నాక జర్మనీలో కార్ల దొంగతనాలు బాగా పెరిగాయి. ఇన్సూరెన్స్ కంపెనీలు ఒత్తిడి పెట్టాయి. 1995లో యూరోపియన్ యూనియన్ ఆదేశం తెచ్చింది, 1998 నుంచి కొత్త కార్లన్నిటికీ ఇమ్మొబిలైజర్ తప్పనిసరైంది.

దాని పని ఇలా ఉంటుంది. చెవి ప్లాస్టిక్ పిడిలో బియ్యపు గింజకంటే కాస్త పెద్దదో, చిన్న బిళ్ళలాంటిదో ఒక చిప్ ఉంటుంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు (పిడిలో కనిపించే బ్యాటరీ తలుపులు తీసే రిమోట్‌కి). చెవి పెట్టే కంత చుట్టూ ఒక తీగచుట్ట ఉంటుంది. అది సాధారణంగా 125 కిలోహెర్ట్జ్ దగ్గర తరంగాలు పంపుతుంది, ఆ శక్తితోనే చిప్ మేలుకుంటుంది. కారు ఒక అంకె అడుగుతుంది, చిప్ తన రహస్యంతో దాన్ని కలిపి జవాబు చెబుతుంది. జవాబు తప్పితే ఇంజనుకి ఇంధనం అందదు. పళ్ళు ఎంత బాగా కోసినా చెవి తిరుగుతుంది, తలుపు తెరుచుకుంటుంది, బండి మాత్రం కదలదు. అంటే చెవిని రెండుసార్లు చెయ్యాలి. ఒకసారి ఇనుములో, ఇంకోసారి కారు జ్ఞాపకంలో. ఈ రెండో దాన్నే ప్రోగ్రామింగ్ అంటున్నాం. స్టీరింగ్ కింద ఉండే పోర్టుకి ఒక యంత్రం తగిలించి, ఆ కారుకి చెందిన రహస్య సంఖ్య ఇచ్చి, ‘ఈ చెవి కూడా మనదే’ అని కారుకి చెప్పాలి.

ఇది వట్టి ఆర్భాటం అని కొట్టిపారెయ్యలేం. నెదర్లాండ్స్ లెక్కలు తీసిన ఆర్థికశాస్త్రవేత్తలు 1995 నుంచి 2008 మధ్య ఇమ్మొబిలైజర్ వల్ల కార్ల దొంగతనాలు సగటున 40 శాతం తగ్గాయని తేల్చారు. అది లేకపోతే ఏమవుతుందో అమెరికాలో చూశాం. అక్కడ చట్టం పట్టుబట్టలేదు కాబట్టి చాలా హ్యుందాయ్, కియా మోడళ్ళు ఇమ్మొబిలైజర్ లేకుండానే అమ్ముడయ్యాయి. 2021, 22ల్లో కుర్రాళ్ళు వీడియోలు చూసి ఫోన్ కేబుల్ కొసతో వాటిని స్టార్ట్ చేసుకుని పోయారు. అదే కియా 2019 నుంచి మన పక్కనే పెనుకొండలో కార్లు తయారుచేస్తోంది.

దొంగ సంగతి సరే, ఇంటాయన సంగతి? పుంగనూరులో ఒకాయన సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాడనుకుందాం. అమ్మినవాడు ఒకటే చెవి ఇచ్చాడు. ‘రెండోది ఎక్కడో ఉందన్నా, చూసి పంపిస్తా’ అన్నాడు. పంపడు. మూడేళ్ళకి ఉన్న ఒక్కటీ మదనపల్లె టమాటా మార్కెట్ గుంపులో జేబులోంచి జారిపోయింది. ఇంకో చెవి చేతిలో ఉంటే పని తేలిక. కొన్ని మోడళ్ళలో యజమానే కొత్తదాన్ని చేర్చుకోగలడు. ఒక్కటీ లేకపోతే అసలు బాధ. కొన్ని కార్లలోంచి యంత్రంతో రహస్య సంఖ్యని రాబట్టొచ్చు, మొండివాటికి లోపలి పెట్టె విప్పి చిప్‌లో రాసున్నది చదవాలి. షోరూముకి వెళ్తే ఆర్‌సీ, ఆధార్, చాలాచోట్ల పోలీసు ఫిర్యాదు కాపీ అడుగుతారు. చెవి ఎక్కడినుంచో తెప్పిస్తారు, అంతదాకా బండి ఉన్నచోటే ఉంటుంది. ఖర్చు వందలు దాటి వేలల్లోకి వెళ్తుంది. బండిని ట్రక్కు మీద బెంగళూరుకి ఎక్కించాల్సి వస్తే అది వేరు. ఈ మూడు ఊళ్ళకీ పెద్ద వైద్యానికి, పెద్ద చదువుకి, పెద్ద రిపేరుకి దిక్కు బెంగళూరే కదా.

ఆర్‌సీ అడగడం న్యాయమే. అది బస్టాండు పెద్దాయన మొహం చూడటానికి బదులు వచ్చిన పద్ధతి. నాకు మింగుడుపడనిది ఇంకొకటి. ఆ సంఖ్య ఎవరి దగ్గర ఉండాలి? డబ్బు కట్టి కారు కొన్నవాడి దగ్గర లేదు, కంపెనీ దగ్గర ఉంది.

ఈ ప్రశ్న మన దేశంలో ఒకసారి గట్టిగానే పైకొచ్చింది. 2011లో షంషేర్ కటారియా అనే వినియోగదారుడు కాంపిటీషన్ కమిషన్‌కి ఫిర్యాదు చేశాడు. కార్ల కంపెనీలు విడిభాగాలనీ, లోపాలు కనిపెట్టే యంత్రాలనీ, సాంకేతిక పుస్తకాలనీ బయటి మెకానిక్కులకి అందనివ్వడం లేదన్నది ఆయన వాదన. మొదట మూడు కంపెనీల మీద వేసిన కేసు పెరిగి పెద్దదైంది. 2014 ఆగస్టు 25న కమిషన్ మారుతి, టాటా, మహీంద్రా, హోండా, టొయోటా సహా 14 కంపెనీలకి కలిపి సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. మరుసటేడు హ్యుందాయ్‌కి విడిగా 420 కోట్లు. బయటివాళ్ళ చేతికిస్తే భద్రతకి ముప్పు అని కంపెనీలు వాదించాయి, కమిషన్ ఒప్పుకోలేదు. తర్వాత షరా మామూలే, అప్పీళ్ళూ స్టేలూ. కేసు ప్రత్యేకంగా తాళంచెవుల గురించి కాదు. కానీ చెవి ప్రోగ్రామ్ చెయ్యాలంటే కావలసింది సరిగ్గా ఆ యంత్రాలూ ఆ సమాచారమే. 2022 డిసెంబరులో కేంద్రం ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెరిచింది. మాట బాగుంది, కుప్పంలో మెకానిక్ చేతికి సంఖ్య వచ్చేంత దూరం మాత్రం అది నడవలేదు.

రహస్యం కంపెనీ దగ్గరుంటే భద్రంగా ఉంటుందన్న నమ్మకం కూడా నిలబడలేదు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్‌ని 2005లోనే అమెరికా పరిశోధకులు ఛేదించి చూపించారు. మెగామోస్ అనే చిప్‌లో లోపాలు కనిపెట్టి వ్యాసం రాస్తే, 2013లో ఫోక్స్‌వ్యాగన్ లండన్ హైకోర్టుకి వెళ్ళి అది అచ్చుకాకుండా ఆపించింది. రెండేళ్ళ తర్వాత, ఒక్క వాక్యం తీసేసి, వ్యాసం వెలుగు చూసింది. ఆ రెండేళ్ళూ కార్లు అవే లోపాలతో రోడ్ల మీద తిరిగాయి.

తలుపు పూర్తిగా మూసుంచితే ఏమవుతుందో మనకి తెలుసు. షెన్‌జెన్‌లో తయారైన ప్రోగ్రామింగ్ యంత్రాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. సంఖ్యని కంపెనీని అడక్కుండానే కారులోంచి లాగగలవు చాలా మోడళ్ళకి. చిన్న ఊళ్ళ కుర్రాళ్ళు వాటితోనే పని నేర్చుకుని బతుకుతున్నారు. చట్టప్రకారం తప్పు చెయ్యడం లేదు, అలాగని ఎవరి గుర్తింపూ లేదు. పిలిచినవాడు ఇంటాయనో కాదో కనుక్కోవాల్సిన భారం మళ్ళీ అతని మీదే పడింది. అమెరికాలో తాళాల పనివాళ్ళ చరిత్ర తనిఖీ చేసి, నమోదు చేసుకుని, వాళ్ళకి కీ కోడ్లు అందించే రిజిస్ట్రీ ఒకటి నడుస్తోంది. ప్రతి కోడ్ ఎవరు తీసుకున్నారో లెక్క ఉంటుంది. అదేం గొప్ప ఆదర్శం కాదు గానీ, బస్టాండు పెద్దాయన్ని ఒక వృత్తివాడిగా ఒప్పుకునే పద్ధతి. మన దగ్గర దానికి అడ్డేముంటుందో నాకు అర్థం కాదు.

ఒకటి మాత్రం ఈ మూడు ఊళ్ళల్లో ఎవరైనా ఇప్పుడే చెయ్యొచ్చు. పాత కారు కొనేటప్పుడు రెండు చెవులూ లెక్కపెట్టి తీసుకోవాలి. కారు పోతే ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట అడిగేది ఆ రెండింటినే. ఒకటి చూపించలేకపోతే సంజాయిషీ మనమే చెప్పుకోవాలి. కొత్త చెవి చేయించేటప్పుడు యంత్రం పట్టుకున్న కుర్రాణ్ణి, పాతవాటిని కారు జ్ఞాపకంలోంచి చెరిపెయ్యమని అడగాలి. చాలా కార్లలో అది కుదురుతుంది. అప్పుడు టమాటా మార్కెట్లో జారిపోయిన చెవి ఎవరికైనా దొరికినా, దాంతో తలుపు తియ్యగలడు, సీట్లో కూర్చోగలడు, చెవి తిప్పగలడు. డాష్‌బోర్డు మీద చిన్న ఎర్రలైటు మిణుకుమంటూ ఉంటుంది.