కొమోద ఒడ్డున ఎనభై మంది రౌతులు

సమురాయ్ అన్నవాడు శత్రువును వెనక నుంచి పొడవవచ్చా? ‘ఘోస్ట్ ఆఫ్ త్సుషిమా’ ఆడినవాళ్ళు ఇద్దరు కలిస్తే మాట తిరిగి తిరిగి ఇక్కడికే వస్తుంది. 2020 జూలైలో ప్లేస్టేషన్ మీద వచ్చిన ఆట ఇది. మంగోలు సేన త్సుషిమా ద్వీపంలో దిగి సమురాయ్‌లను ఊచకోత కోస్తుంది. బతికి బయటపడ్డ జిన్ సకాయ్ అనే యువకుడు ద్వీపాన్ని విడిపించుకోవడానికి చీకట్లో దాక్కుని దెబ్బ తీస్తాడు, విషం కూడా వాడతాడు. పెంచి పెద్దచేసిన మేనమామ షిమురా ప్రభువు అది పరువు తక్కువ పని అంటాడు. కథంతా ఆ ఇద్దరి మధ్య తగువే.

నేను పల్నాడు వాణ్ణి, కాలేజీలో చరిత్ర చెబుతాను. ఈ ఆటను నాకు చూపించింది నా విద్యార్థులు. సెలవుల్లో కూర్చుని చివరిదాకా ఆడాను. వాళ్ళ అభిప్రాయాలూ శ్రద్ధగా విన్నాను. “దారి చూపించడానికి బాణం గుర్తులేం ఉండవు సార్, టచ్‌ప్యాడ్ మీద వేలు పైకి తోస్తే గాలి లేస్తుంది, గడ్డి ఎటు వంగితే అటు పోవడమే” అని ఒకడు మురిసిపోయాడు. “నక్క వెంట పరిగెత్తి గుడి కనుక్కోవడం మొదట్లో బాగుంది, తర్వాత అదే పని మళ్ళీ మళ్ళీ” అని ఇంకొకడు పెదవి విరిచాడు. “చివర్లో మేనమామను చంపాలా వదలాలా అని అడిగినప్పుడు నా చెయ్యి ఆడలేదు సార్” అన్న అమ్మాయి కూడా ఉంది. ముగ్గురి మాటా నిజమే. అయితే పరువు గురించిన తగువు తేలాలంటే ఆటలోంచి ఒకసారి బయటికొచ్చి, ఆ ద్వీపంలో నిజంగా ఏం జరిగిందో చూడాలి.

త్సుషిమా జపాన్‌కూ కొరియాకూ నడుమ ఉంది. దాని ఉత్తర కొన నుంచి బూసాన్ 50 కిలోమీటర్లు ఉంటుందేమో. జపాన్ వైపు క్యూషూ తీరం అంతకంటే దూరం. ద్వీపంలో నూటికి దాదాపు తొంభై పాళ్ళు కొండలూ అడవులే. వరి పండే నేల బహు తక్కువ. అందుకే అక్కడివాళ్ళు తరతరాలుగా సముద్రాన్నీ కొరియాతో వ్యాపారాన్నీ నమ్ముకుని బతికారు. రెండు రాజ్యాల మధ్య రాకపోకలకు వాకిలి ఆ ద్వీపం. ఏ గొడవ వచ్చినా మొదటి దెబ్బ తగిలేదీ దానికే.

ఆ గొడవ మంగోలు చక్రవర్తి ఖుబ్లాయ్ ఖాన్ రూపంలో వచ్చింది. తనకు లోబడమంటూ అతను పంపిన లేఖ 1268లో జపాన్ చేరింది. కమకురా నుంచి జపాన్‌ను ఏలుతున్న పాలకులు జవాబివ్వలేదు. 1269లో మళ్ళీ దూతలు వచ్చారు. త్సుషిమా దాటి ముందుకు పోనివ్వకపోతే, తోజిరో, యాజిరో అనే ఇద్దరు ద్వీపవాసులను పట్టుకుని వెంట తీసుకుపోయారు. ఖుబ్లాయ్ వాళ్ళను చంపలేదు. తన రాజధానిలోని భవనాలు చూపించి, తన వైభవం ఎంతటిదో మీవాళ్ళకు చెప్పండని అదే ఏడు వెనక్కి పంపాడు. సముద్రం మధ్య ద్వీపంలో బతికిన ఇద్దరు మామూలు మనుషులు ప్రపంచంలోకెల్లా పెద్ద సామ్రాజ్యపు నడిబొడ్డుకు వెళ్ళి తిరిగొచ్చారు. ఇంటికొచ్చి వాళ్ళు ఏం చెప్పుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు. ఈ ఆటను ఇంకొకరు తీస్తే ఆ ఇద్దరి కథతో మొదలుపెట్టాలని నా కోరిక.

దండయాత్ర 1274లో జరిగింది. మన ఓరుగల్లులో రుద్రమదేవి పాలిస్తున్న కాలం అది. ఓడలు కట్టే భారం కొరియాలోని కొర్యో రాజ్యం మీద పడింది. ముప్పై వేలకు పైగా కూలీలను తోలుకొచ్చి, కొన్ని నెలల్లోనే 900 ఓడలు కట్టించారు. అప్పటికే మంగోలుల చేతిలో దశాబ్దాల తరబడి నలిగిన దేశం అది. ఆ ఓడల్లో వచ్చిన సైన్యంలో మంగోలులతో పాటు ఉత్తర చైనా వాళ్ళు, కొర్యో వాళ్ళు ఉన్నారు. ఆటలో శత్రువంటే మంగోలు ఒక్కడే. అసలు సేనలో చాలామంది తామే ఓడిపోయి, బలవంతాన పడవెక్కినవాళ్ళు.

జపాన్ పంచాంగం ప్రకారం పదో నెల ఐదో రోజు సాయంత్రం, ద్వీపం పడమటి ఒడ్డున కొమోద దగ్గర ఓడలు కనిపించాయి. ద్వీపాధికారి సో సుకెకుని ఉండే చోటు తూర్పు ఒడ్డున, ఇప్పటి ఇజుహారా ప్రాంతంలో. కబురందగానే ఎనభై మంది రౌతులతో బయల్దేరి, రాత్రంతా కొండదారిన నడిచి, తెల్లవారే వేళకు కొమోద చేరాడు. అప్పటికి అతని వయసు అరవై దాటింది. ముందుగా ఒక దుబాసీని పంపి, ఎందుకొచ్చారని అడిగించాడు. ఓడల మీంచి బాణాలు జవాబుగా వచ్చాయి. దాదాపు వెయ్యి మంది ఒడ్డున దిగారు. పొద్దెక్కేదాకా పోరాడి సుకెకుని, అతని మనుషులు నేలకూలారు. ఇద్దరు అనుచరులు మాత్రం చిన్న పడవలో క్యూషూలోని హకాతాకు వెళ్ళి వార్త చెప్పారు. తర్వాతి తరం వాళ్ళు రాసిన హచిమాన్ ఆలయ గ్రంథం ‘హచిమాన్ గుదోకున్’ చెప్పే కథ ఇది. సుకెకుని తల ఒకచోట, మొండెం ఒకచోట దొరికాయంటారు. ఆ రెండింటికీ వేర్వేరు సమాధులు ద్వీపంలో ఈనాటికీ ఉన్నాయి.

మంగోలు సేన అక్కడ ఆగలేదు. తర్వాత ఇకి ద్వీపం పని పట్టి, హకాతా అఖాతంలో దిగి పోరాడి, చివరికి వెనక్కి మళ్ళింది. త్సుషిమాను తిరిగి గెలిచిన వీరుడెవరూ లేరు. జిన్ సకాయ్ కల్పన, ఆటలో మంగోలుల నాయకుడు ఖోతున్ ఖాన్ కల్పన. చరిత్రలో ఉన్నది ఊళ్ళు తగలబడిపోయిన ద్వీపం. మగవాళ్ళను చంపారనీ, ఆడవాళ్ళను పట్టి అరచేతులకు చిల్లులు పొడిచి తాళ్ళు గుచ్చి ఓడలకు కట్టారనీ, బౌద్ధ గురువు నిచిరెన్ ఆ మరుసటేడు ఒక లేఖలో రాశాడు. తిరిగి వెళ్ళిన సేనాని, దండయాత్రలో పట్టి తెచ్చిన రెండువందల మంది పిల్లలను కొర్యో రాజదంపతులకు కానుకగా ఇచ్చాడని ‘కొర్యో చరిత్ర’ చెబుతోంది. ఎవరి పిల్లలో, ఏ ఊరివాళ్ళో పేర్లు లేవు.

ఇప్పుడు పరువు సంగతికి వద్దాం. పదమూడో శతాబ్దపు సమురాయ్ మొదట విలుకాడు. గుర్రం మీద కూర్చుని బాణం వెయ్యడమే అతని విద్య, కత్తి తర్వాత. రాత్రివేళ ఇళ్ళకు నిప్పు పెట్టడం, మాటు వేసి మీద పడటం అప్పటి జపాన్ యుద్ధాల్లో మామూలు సంగతి. అది తప్పని షిమురా ప్రభువులా ఉపన్యాసం చెప్పేవాళ్ళు ఆనాడు దొరకరు. సమురాయ్ ధర్మం ఇలా ఉండాలని పద్ధతిగా గ్రంథాలు పుట్టింది శతాబ్దాల తర్వాత, తొకుగావా కాలంలో, చేతికి యుద్ధం లేని శాంతి రోజుల్లో. దాన్ని ప్రపంచానికి చాటింది నితోబె ఇనాజో 1900లో ఇంగ్లీషులో రాసిన ‘బుషిదో’. ఆటలో మేనమామ నోట వినిపించేది ఆ తర్వాతి కాలపు గొంతు.

1274 నాటి సమురాయ్ మనసు ఎలా ఉండేదో తెలియాలంటే తకెజాకి సుయెనగను చూడాలి. హకాతాలో పోరాడిన చిన్న స్థాయి యోధుడు అతను. మిగిలిన సేన వచ్చేదాకా ఆగకుండా, అందరికంటే ముందు దూకానన్న పేరు కోసం నలుగురు తోటివాళ్ళతో శత్రువు మీదికి వెళ్ళాడు. అతను తర్వాత గీయించిన బొమ్మల చుట్ట ఇప్పటికీ ఉంది. అందులో అతని గుర్రం ఒళ్ళంతా రక్తం కారుతూ ముందుకాళ్ళ మీద కుంగిపోతుంటుంది. పక్కనే మట్టితో చేసిన గుండు ఒకటి నల్లగా, ఎర్రగా పేలుతుంటుంది. అది చిత్రకారుడి ఊహేమోనని కొందరు అనుకున్నారు. తకాషిమా ద్వీపం దగ్గర సముద్రంలో తవ్వి తీసినప్పుడు అలాంటి గుండ్లే దొరికాయి.

యుద్ధం ముగిశాక సుయెనగకు బహుమానం రాలేదు. గుర్రాలూ జీనులూ అమ్ముకుని, దారి ఖర్చు కూడగట్టుకుని, 1275లో కమకురా దాకా వెళ్ళి అధికారి ఎదుట మొర పెట్టుకున్నాడు. తాను ముందు దూకింది నిజం కాకపోతే తల తీయించుకుంటానన్నాడు. భూమి మీద హక్కూ ఒక గుర్రమూ సాధించుకునే ఇంటికి వెళ్ళాడు. పరువు అతనికీ ప్రాణమే. ఆ పరువుకు సాక్షులు కావాలి, పత్రం కావాలి, పిల్లలకు మిగిలే పొలం కావాలి. ఈ మనిషిలో నాకు చిన్నతనం కనిపించదు. ప్రాణం పణంగా పెట్టినవాడు తన వాటా అడగడం న్యాయం.

ఆటగాళ్ళలో చరిత్ర చదివినవాళ్ళు ఇంకా కొన్ని తప్పులు పట్టారు. జిన్ చేతిలోని కతానా అప్పటికి ఆ రూపంలో లేదు, ఇంకా పొడవుగా వంగిన తాచి వాడేవారు. కవచాలు రెండు మూడు శతాబ్దాల తర్వాతివి. కొండకొమ్మున కూర్చుని జిన్ అల్లే హైకూ అప్పటికి పుట్టనే లేదు. ఇవన్నీ ఒప్పే. అయినా నాకు వీటి మీద పెద్ద ఫిర్యాదు లేదు. కత్తి ఆకారం సరిచేసినంత మాత్రాన ఆ రెండువందల మంది పిల్లలు కథలోకి రారు.

ఈ ఆటను నేను మెచ్చుకునేది ఒక్క సంగతికి. మంగోలు దండయాత్ర అనగానే పుస్తకాలు హకాతా రాతిగోడ దగ్గరికీ, 1281లో మళ్ళీ దండెత్తి వచ్చిన ఓడలను ముంచిన తుఫాను దగ్గరికీ పరుగెత్తుతాయి. త్సుషిమా ఒక వాక్యంలో, ఇకి మరో వాక్యంలో అయిపోతాయి. ఈ ఆట ఆ వాక్యం దగ్గర ఆగింది. ఇజుహారా, తోయొతమ, కమియగత అనే అసలు పేర్లు ఉంచి, ఆ గడ్డిలో ఆటగాణ్ణి గంటల తరబడి తిప్పింది. 2021లో ఇకిని కూడా చేర్చింది. అదే ఏడు త్సుషిమా నగరపాలక సంస్థ ఆట దర్శకులిద్దరినీ తమ పర్యాటక రాయబారులుగా నియమించుకుంది.

ద్వీపం తన జ్ఞాపకాన్ని తనే కాపాడుకుంటోంది. కొమోదహామా ఆలయంలో సుకెకుని దేవుడు. ప్రతి నవంబరులో అక్కడ తిరునాళ్ళు జరుగుతాయి. కవచాలు తొడిగిన మగవాళ్ళు ఒడ్డుకు నడుస్తారు. పూజారి సముద్రం వైపు తిరిగి విల్లు ఎక్కుపెడతాడు. అందులో బాణం ఉండదు, నారి మోగిస్తాడంతే. మా కారెంపూడిలో ఏటా కార్తీక మాసంలో పల్నాటి వీరుల ఆయుధాలైన కొణతాలు బయటికి తీసి నాగులేటికి తీసుకెళ్ళే వాళ్ళను చూస్తూ పెరిగినవాణ్ణి కనుక, ఓడిపోయినవాళ్ళకు గుడి కట్టే ఊరి మనసు నాకు విడమరచి చెప్పక్కర్లేదు.

2020 సెప్టెంబరు తుఫానులో తోయొతమ ప్రాంతంలోని వతత్సుమి ఆలయం తోరీ, అంటే ద్వారతోరణం, ఒకటి కూలిపోయింది. తిరిగి నిలబెట్టడానికి 50 లక్షల యెన్లు కావాలని చందాలు అడిగారు. 2 కోట్ల 70 లక్షలకు పైగా వచ్చాయి. పంపినవాళ్ళలో ఈ ఆట ఆడి ఆ ద్వీపాన్ని ప్రేమించినవాళ్ళు ఎందరో. గెలిచి వెళ్ళిపోవడం నేర్పే ఆటలు చాలా ఉన్నాయి. ఈ ఆట ఆడినవాళ్ళు ఎన్నడూ చూడని ఊరి గుడికి చెయ్యి అందించారు.

కాబట్టి నా విద్యార్థులకు నేను చెప్పేది ఇదే. మేనమామది తప్పా, మేనల్లుడిది తప్పా అని తప్పకుండా వాదించుకోండి. వాదన అయ్యాక సుకెకుని గురించి, సుయెనగ గురించి చదవండి. తోజిరో, యాజిరో పేర్లు గుర్తుంచుకోండి. కొర్యో కూలీల గురించి, పేర్లు తెలియని ఆ పిల్లల గురించి అడగండి. సమురాయ్ పరువు మీద మనకున్న అభిప్రాయం, దెబ్బ తిన్న ఊరి మాట విన్నాకే పక్వానికి వస్తుంది.