సెకన్లు రాయని ఫైలు

మిడి ఫైలు తెరిచి చూడండి. మామూలుగా ఏ నోటు పక్కనా "ఇన్నో సెకనులో మోగాలి" అని ఉండదు. ఇదేం డిజైనండీ బాబూ అనిపిస్తుంది. కాస్త వెనక్కెళ్తే సంగతి తెలుస్తుంది.

1983 జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ ప్రదర్శనలో సీక్వెన్షియల్ వాళ్ళ ప్రాఫెట్-600నీ, రోలండ్ వాళ్ళ జూపిటర్-6నీ కేబులుతో కలిపారు. ఒకదాని మీద వాయిస్తే రెండోది పలికింది. ఆ కేబుల్లో వెళ్ళే సందేశాలకి టైమంటూ లేదు. వచ్చిన వెంటనే వాయించెయ్యడమే! వేగం తెలియడానికి క్వార్టర్ నోటుకి 24 చొప్పున పల్సులు పంపేవారు. పల్సులు దగ్గర దగ్గరగా వస్తే పాట పరిగెడుతుంది, అంతే.

పాటని దాచుకోడానికి ఇది చాలదు కదా. 1988లో ప్రామాణిక మిడి ఫైలు వచ్చింది. ఇందులో నోటుకీ నోటుకీ మధ్య దూరాన్ని టిక్కుల్లో రాస్తారు. క్వార్టర్ నోటుకి ఎన్ని టిక్కులో ఫైలు మొదట్లోనే ఉంటుంది. అదే క్వార్టర్ నోటు ఎన్ని మైక్రోసెకన్లో చెప్పే పని టెంపో ఈవెంటుది. ఏమీ చెప్పకపోతే 5,00,000, అంటే నిమిషానికి 120. మనవాళ్ళు ఆదితాళానికి 8 అక్షరాలంటారే గానీ ఇన్ని సెకన్లు అనరు, అలాగన్నమాట.

చిక్కల్లా ఎక్కువ ట్రాకులున్నప్పుడే. ఫార్మాట్ 1లో ట్రాకులన్నీ కలిసి మోగాలి, కానీ టెంపో మార్పులన్నీ మొదటి ట్రాకులోనే ఉంటాయి. క్వార్టర్ నోటుకి 480 టిక్కులనుకుందాం. వేగం 120తో మొదలై 960వ టిక్కు దగ్గర 60కి తగ్గింది. మూడో ట్రాకులో 1920వ టిక్కు దగ్గరున్న నోటు ఎప్పుడు మోగాలి? మొదటి 960కి ఒక సెకను, తర్వాతి 960కి రెండు, మొత్తం మూడు. ఆ ట్రాకుని విడిగా చదివే ప్రోగ్రాము మాత్రం రెండో సెకనుకే వాయించేస్తుంది. డ్రమ్ములు ఒక దారి, వేణువు ఒక దారి! అందుకే ముందు టెంపోల పట్టిక కట్టుకుని, ప్రతి ట్రాకునీ దాంతోనే లెక్కగట్టాలి.

ప్రోగ్రామరుకి ఇది తలనొప్పే, ఒప్పుకుంటాను. కానీ సెకన్లే రాసుంటే పాటని కాస్త నెమ్మది చెయ్యాలన్నా వేల నోట్లు తిరగరాయాలి. ఇప్పుడు ఒక్క అంకె మారిస్తే సరిపోతుంది. 2020లో మిడి 2.0 వచ్చాక కూడా 1988 నాటి పద్ధతిలో రాసిన ఫైళ్ళు హాయిగా మోగుతూనే ఉన్నాయి. శ్రమ ప్రోగ్రామరుకి, సుఖం వాయించేవాడికి. నా ఓటు దీనికే. మీరేమంటారు?