పొలములో దొరికిన సీసపు బిళ్ల

శతవార్షికోత్సవ సంచికలో గుడి కట్టించినవారిని గూర్చియు, మిషనరీ దొరలను దొరసానులను గూర్చియు వ్రాయుట మన ఆనవాయితీ. మేము మాత్రము రెండు వ్రేళ్ల నడుమ ఇమిడిపోవు ఒక సీసపు బిళ్లను గూర్చి వ్రాయదలచితిమి. అది మన దేశములో దొరికినది కాదు. అయినను దాని కథ ప్రతి ఆదివారము మన యెదుట నుండు బల్లకు సంబంధించినది.

స్కాట్లాండు దేశములో మెటల్ డిటెక్టర్ చేతబట్టి దున్నిన పొలములలో తిరుగువారు చాలమంది యున్నారు. యంత్రము కూయగానే మన్ను త్రవ్వి చూతురు. నాణెము దొరికితే సంతోషము. అయితే తరచుగా దొరకునది అంగుళమైనను లేని మొద్దు సీసపు ముక్క. దానిమీద రాజు బొమ్మ లేదు, వెల లేదు. అది తూకపురాయియా? బట్టల మూటకు వేసిన ముద్రయా? ఆటబిళ్లయా? ఏమియు తోచక కొందరు దానిని పాత ఇనుముతో కలిపి పారవేయుదురు.

తెలిసినవారు మాత్రము దానిని మెల్లగా కడిగి అక్షరముల కొరకు వెదకుదురు. "కె" అను అక్షరమున్న యెడల అది "కర్క్", అనగా స్కాట్లాండువారి భాషలో దేవుని సంఘము. దానితో ఊరిపేరు మొదటి అక్షరముండును. మరియొక చోట మూడు అక్షరములుండి మొదటిది "ఎమ్" అయినచో, అది పేరులోనిది కాదు, పాదిరిగారికి పెట్టిన "మిస్టర్" అను గౌరవపదము. మిగిలిన రెండును ఆయన పేరు, ఇంటిపేరు. కొన్నిటిమీద అక్షరములు తిరగబడి యుండును. అచ్చులో అక్షరమును తిరగవేసి చెక్కవలెనని పనివాడు మరచెనన్నమాట. సంవత్సరము కూడ ఉన్నచో పని సులభము. హ్యూ స్కాట్ అను పాదిరి 1866 మొదలు 1871 వరకు ప్రచురించిన స్కాట్లాండు పాదిరుల పట్టీ తీసి, ఆ సంవత్సరమున ఆ పొడి అక్షరములు గల పాదిరి ఏ ఊరిలో నుండెనో చూచెదరు. 1907లో బ్రుక్ అను ఆయన ఇట్టి బిళ్లలకే ఒక పెద్ద జాబితా ప్రకటించెను. ఈ విధముగా పేరులేని సీసపు ముక్కకు ఊరును, కాలమును, కాపరియు దొరకుదురు. అది ప్రభురాత్రి భోజనపు టోకెను.

దీని చరిత్ర దిద్దుబాటు కాలము నాటిది. 1560లో జెనీవాలో కాల్విను గారు, వీరే గారు ఇట్టి టోకెనులు వాడుట మంచిదని నగర సభకు సూచించిరి గాని సభవారు అప్పుడు ఒప్పుకొనలేదు. ఫ్రాన్సు దేశపు ప్రొటెస్టెంటులు దీనిని అవలంబించిరి. వారి బిళ్లలమీద కొమ్ము ఊదు కాపరియు, గొఱ్ఱెలును కనబడును. శ్రమల దినములలో వేగులవారు కూటములలో చొరబడకుండ అవి కాపుదలగా నుండెను. స్కాట్లాండులో ఈ ఆచారము సుమారు మూడు వందల ఏండ్లు నిలిచెను.

అక్కడ బల్ల ఆచరణ ఏడాదికి ఒకటి రెండు మారులే. ముందుగా పాదిరియు పెద్దలును విశ్వాసులను విశ్వాస విషయములలో ప్రశ్నించి, నడవడి విచారించి, తగినవారికి టోకెను ఇచ్చెడివారు. గురువారము ఉపవాసము, శనివారము సిద్ధపాటు కూడిక. ఆదివారము తెల్లని గుడ్డ పరచిన పొడవైన బల్లల యొద్ద కూర్చుండినప్పుడు పెద్దలు టోకెనులు తిరిగి పుచ్చుకొనెడివారు. సోమవారము కృతజ్ఞతారాధన. 1670ల చివర, ప్రభుత్వము హింసించుచుండగా ఈస్ట్ నిస్బెట్ అను చోట బయలులోనే మూడువేలకు పైగా జనులు బల్లలో పాలుపొందిరి. అక్కడను టోకెను లేనివారిని రానీయలేదని జాన్ బ్లాకాడర్ అను పాదిరి వ్రాసియుంచెను.

తరువాతి కాలపు బిళ్లలమీద లేఖన సూచనలు పోతపోసిరి: లూకా 22:19, 1 కొరింథీయులకు 11:28. మొదటిది జ్ఞాపకము చేసికొనుమనును, రెండవది తన్ను తానే పరీక్షించుకొనుమనును. సీసపు ముక్క చేయగల మేలు అదియే. శనివారము రాత్రి జేబులో దాని బరువు తగిలిన ప్రతిసారి, "రేపటికి నీవు సిద్ధమా?" అని అది అడిగియుండును.

అయితే కాపుదలకై కట్టినది గోడగా మారుట మానవ స్వభావము. అమెరికాలోని చార్లెస్టన్ పట్టణపు ప్రెస్బిటేరియన్ సంఘము 1800లో వెండి టోకెనులు చేయించెను. తెల్లవారికి ఆ వెండి, బానిసలైన నల్లవారికి హీనమైన లోహము అని చరిత్రకారులు వ్రాసిరి. రొట్టె ఒకటే, పాత్ర ఒకటే, బిళ్లలు మాత్రము రెండు!

దీనిని చదివి వారిని నిందించుట తేలిక. 1947లో ఏర్పడిన మన దక్షిణ ఇండియా సంఘములో ఆంగ్లికనులు, మెథడిస్టులతో పాటు ప్రెస్బిటేరియనుల వారసత్వమును కలదు. వారి సీసపు బిళ్ల మన చేతికి రాలేదు గాని, కంటికి కనబడని బిళ్లలు మన యొద్ద లేవా? ఒక పల్లె సంఘములో మేము సేవచేయు దినములలో ఒక వృద్ధురాలు బల్ల సమయమున ప్రతిమారు లేచి వెలుపలికి పోయెడిది. విచారింపగా, "చందా బాకీ ఉన్నానయ్యగారూ, ఏ మొగము పెట్టుకొని వచ్చేది?" అనెను. ఆ మాట ఆమెకు ఎవరు చెప్పిరి? ఎవరును చెప్పలేదు. బాకీల పట్టీ బల్ల ఆదివారమున చదివించినది మేమే. ఆ దినమున మేము సిగ్గుపడితిమి. అటు తరువాత ఆ పట్టీని ఆ ఆదివారము చదువుట మానితిమి. అటు తరువాతి బల్లకు ఆమె మోకాళ్లూని చేతులు చాపెను.

పందొమ్మిదవ శతాబ్దములో టోకెనులు పోయి అట్ట కార్డులు వచ్చెను. పాత బిళ్లలను కొన్నిచోట్ల కరిగించిరి, కొన్నిచోట్ల పాతిపెట్టిరి. జేబులనుండి జారినవి, ఇంటి చెత్తతో ఎరువులో కలిసి పొలము చేరినవి నేడు బయటపడుచున్నవి. సీసము మంటిపాలయ్యెను గాని దానిమీది ప్రశ్న మిగిలియున్నది. రెండవ శతాబ్దములో అడుగిడుచున్న మనము ఆ ప్రశ్నను ఎదుటివానికి గాక మనకే వేసికొందుము గాక. కులమును, కలిమిని, బాకీని కొలిచెడి బిళ్లలన్నిటిని మాత్రము లోతుగా పాతిపెట్టుదము. మరి ఏ యంత్రమును వాటిని వెలికి తీయకుండును గాక. ఆమేన్.