మంత్రానికి మితి, దేవతలకు అంకె

ఇంద్రాగ్న్యాది దేవతల ప్రాణబలాన్ని అంకెలలో లెక్కగట్టిన ఒక క్రీడాగ్రంథం అమెరికాలో వెలువడిందని వింటే ఆస్తికుని మనస్సు నొచ్చుకొనడం సహజం. ఈ వ్యాసకర్తకూ అదే జరిగినది. అయితే ఆ అంకెల వెనుకనున్న చరిత్రను పరిశీలించినచో, ఆ గ్రంథ సంపాదకుని ఆగ్రహం దేవతలపై కాక, మితి నెరుగని మానవ పాత్రలపై అని తేటపడుతుంది.

1971లో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి 'చెయిన్‌మెయిల్' అను యుద్ధక్రీడా నియమావళిని ప్రకటించారు. దాని అనుబంధంలో మాంత్రికుడు అగ్నిగోళాలను, పిడుగులను ఇంచుమించు ఫిరంగి వలె మరల మరల ప్రయోగించగలడు. సైన్యాలు తలపడే ఆటలో అది చెల్లినది. కాని ఒక్కొక్క క్రీడాకారుడు ఒక్కొక్క పాత్రను ధరించే క్రీడలో అట్టివాడు చేరితే ఖడ్గధారికి చేయుటకు పనియేమున్నది? 1974లో గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ వెలువరించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఈ చిక్కును విడదీయవలసి వచ్చినది.

దానికి గైగాక్స్ జాక్ వాన్స్ అను కథకుని ఆశ్రయించాడు. 1950 నాటి 'ది డయింగ్ ఎర్త్' కథలలో మంత్రవేత్త ఎంతో శ్రమించి మంత్రాన్ని ధారణ చేస్తాడు. ఉచ్చరించిన మరుక్షణమే అది స్మృతి నుండి తొలగిపోతుంది. ఎంతటి ఘనుడైనా కొద్ది మంత్రాలకు మించి మనస్సులో నిలుపుకొనలేడు. ఈ కల్పనయే క్రీడలో నియమమైనది. ప్రథమ స్థాయి మాంత్రికునికి ఒక్క మంత్రం, ఆయుధమన్నచో చురకత్తి మాత్రమే. స్థాయి పెరిగిన కొలదీ మంత్రసంఖ్య పెరుగును.

కర్ణుని కథ ఎరిగినవారికి ఇది క్రొత్త కాదు. ఇంద్రదత్తమైన శక్తి ఒక్క శత్రువును వధించి తిరిగి ఇంద్రుని చేరును. ప్రాణసంకటంలో, ఇతర అస్త్రాలు లేనప్పుడే దానిని ప్రయోగించవలెనన్న నిబంధన కూడ ఉన్నది. అర్జునునికై దాచిన ఆ శక్తి ఘటోత్కచునిపై వ్యయమైన రాత్రి శ్రీకృష్ణుడు ఆనందించుటకు కారణం ఈ మితియే. అశ్వత్థామది మరియొక విధం: బ్రహ్మాస్త్రాన్ని విడువగలిగినాడు గాని ఉపసంహరించలేకపోయినాడు. బ్రహ్మచర్యవ్రతుడైన అర్జునుడు ఉపసంహరించగలిగినాడు. ఇచ్చట హద్దు సంఖ్యలో లేదు, ప్రయోక్త శీలంలో ఉన్నది. క్రీడానిర్మాతలు సంఖ్యను పట్టుకొనగలిగినారు. శీలాన్ని పాచికలతో కొలుచుట కష్టమే గదా.

సంఖ్య కూడ చాలలేదు. కొందరు క్రీడానిర్వాహకులు అడిగినదే తడవుగా దివ్యాయుధాలు పంచిపెట్టగా, నలుబదవ స్థాయిని దాటిన పాత్రలు పుట్టుకొచ్చాయి. 1976లో రాబర్ట్ కుంట్జ్, జేమ్స్ వార్డ్ రచించిన 'గాడ్స్, డెమి-గాడ్స్ అండ్ హీరోస్' వెలువడినది. భారతీయ దేవతలకూ అందులో ఒక భాగమున్నది. సంపాదకుడు టిమ్ కాస్క్ పీఠికలో తన ఉద్దేశాన్ని దాచలేదు. నార్స్ దేవతల పితామహుడు ఓడిన్‌కే మూడువందల ప్రాణాంకాలైతే నలుబది నాలుగవ స్థాయి ప్రభువును ఎవరు గౌరవింతురని అతని ప్రశ్న. ఫలితం విపరీతంగా పరిణమించే అవకాశం అందులోనే ఉన్నది: అంకె ఇచ్చిన పిదప ఆ అంకెను సున్న చేయవచ్చునన్న తలంపు క్రీడాకారునికి కలుగకపోదు. కొలతకు అందని దానిని కొలిచి హద్దు చూపబోవుటలోని దోషమిది. 1980లో వచ్చిన 'డైటీస్ అండ్ డెమిగాడ్స్' కూడ ఈ పద్ధతినే అనుసరించినది.

మన శాస్త్రకారులు ఇదే ప్రశ్నను అంకెలు లేకుండ ఎదుర్కొన్నారు. యోగసూత్రాల తృతీయపాదంలో అణిమాది సిద్ధులు చెప్పినచోట వ్యాసభాష్యం ఒక శంకను ముందే తీర్చినది. సత్యసంకల్పుడైన యోగి పదార్థధర్మాలను తలక్రిందులు చేయడేమి? సమర్థుడైనను చేయడు; ఏలనన పూర్వసిద్ధుడైన ఈశ్వరుడు వాటిని అట్లే ఉండవలెనని సంకల్పించి ఉన్నాడు. బ్రహ్మసూత్రాల తుదిపాదంలో ముక్తపురుషుని ఐశ్వర్యవిచారణలో కూడ ఒక్క మినహాయింపు ఉన్నది. ఐశ్వర్యం సమస్తం అతనిదే, జగత్సృష్ట్యాది వ్యాపారం మాత్రం అతనిది కాదు.