గాల్వెస్టన్ దీవిలో సెంట్రల్ హైస్కూలు

నాది బందరు. 1864 ఉప్పెనలో 30,000 మంది పోయారన్న మాట చిన్నప్పటినుంచీ వింటూ పెరిగాను. ఉద్యోగానికని టెక్సాస్ వచ్చి గాల్వెస్టన్‌లో ఇల్లు తీసుకున్నాక తెలిసింది, ఇదీ ఉప్పెన చూసిన ఊరేనని. 1900 సెప్టెంబరు 8న సముద్రం ఈ దీవిని ముంచేసింది. 37,000 పైచిలుకు జనంలో కనీసం 6,000 మంది చనిపోయారు. ఆ తరవాత 17 అడుగుల ఎత్తున గోడ కట్టి, ఇళ్ళను జాకీలతో పైకెత్తి, కింద ఇసుక నింపి ఊరి మట్టమే పెంచారు.

చూడవచ్చినవాళ్ళకు ఆ గోడ చూపించి ఊరుకుంటారు. నేనైతే బడుల దగ్గరికి తీసుకెళ్తాను.

ఇక్కడి ప్రభుత్వ బడులు మన జిల్లా పరిషత్ హైస్కూళ్ళలాంటివి కావు. గాల్వెస్టన్ స్కూల్ డిస్ట్రిక్ట్‌కు ఏడుగురు ట్రస్టీలు, వాళ్ళను మేమే ఓట్లేసి ఎన్నుకుంటాం. బడుల కోసం ఆస్తిపన్ను విడిగా కడతాం. మొదట్లో దాతలు కూడా ఆదుకున్నారు. జార్జి బాల్ అనే బ్యాంకరు ఇచ్చిన డబ్బుతో 1884లో బాల్ హైస్కూలు తెరిచారు. అది తెల్లపిల్లలకు.

నల్లవాళ్ళ పిల్లలకు ఆ మరుసటి ఏడు, 1885లో, సెంట్రల్ హైస్కూలు వచ్చింది. టెక్సాస్‌లో నల్లవాళ్ళకు అదే మొదటి హైస్కూలు. బానిసలందరికీ విడుదల అని 1865 జూన్ 19న సైన్యం ఉత్తర్వు వెలువరించింది ఈ ఊళ్ళోనే. సెంట్రల్ తెరిచేనాటికి ఆ ఉత్తర్వుకు ఇరవై ఏళ్ళు. చదవడం నేరమన్నట్టు బతికిన తల్లిదండ్రులు పిల్లల్ని హైస్కూలుకు పంపారంటే నాకు గొప్పగా అనిపిస్తుంది. 1905లో ఆ బడిని ఆనుకునే నల్లవాళ్ళకోసం ఊరి రోజెన్‌బర్గ్ లైబ్రరీ శాఖ కూడా వెలిసింది.

ఆ బడి పంతులమ్మ జెస్సీ మెగ్వైర్ డెంట్ గురించి ఆగి చెప్పుకోవాలి. ఈ ఊరి పిల్లే. హోవర్డ్ యూనివర్సిటీలో చదువుతుండగా 1913లో డెల్టా సిగ్మా థీటా మహిళా సంఘాన్ని స్థాపించిన 22 మందిలో ఒకరు. తిరిగివచ్చి సెంట్రల్‌లో పాఠాలు చెప్పారు. ఒకే పనికి తెల్ల టీచర్లకో జీతం, నల్ల టీచర్లకు అంతకంటే తక్కువ జీతం. ఆమె తన జీతమిచ్చే డిస్ట్రిక్ట్ మీదే దావా వేసి, 1943లో సమాన జీతం సాధించారు. ఉద్యోగం పోతే ఇంకో బడి దొరకని రోజులవి.

1968లో సెంట్రల్‌ను బాల్‌లో కలిపారు. పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చోవడం న్యాయమే, ఎప్పుడో జరగవలసింది. కానీ రెండు బడులు కలిసినప్పుడు ఆగిపోయింది మాత్రం నల్లవాళ్ళ హైస్కూలే. దాని పేరు ఒక మిడిల్ స్కూలుకు మిగిలింది.

2008 సెప్టెంబరులో ఐక్ తుపానుకు నీళ్ళు గోడ లేని అఖాతం వైపునుంచి వచ్చాయి. ఇళ్ళు పోయిన కుటుంబాలు చాలా తిరిగి రాలేదు, పిల్లలు తగ్గి కొన్ని బడులు మూతపడ్డాయి. ఇంకో సంగతి. తీరం వెంట ఖరీదైన ఇళ్ళున్నందువల్ల మాది సంపన్న డిస్ట్రిక్ట్ కిందికి వస్తుంది. ఆ ఇళ్ళు చాలావరకు సెలవులకు వచ్చిపోయేవాళ్ళవి. మా బడుల్లో ఎక్కువమంది పేదింటి పిల్లలే. అయినా రాష్ట్ర చట్టం ప్రకారం మా పన్నుల్లో కొంత వేరే డిస్ట్రిక్టులకు పోతుంది. ఈ లెక్క నాకు సబబుగా తోచదు. అయినా బాల్‌కు కొత్త భవనం కోసం 2022లో ఓటర్లు బాండ్లకు ఒప్పుకున్నారు.

హ్యూస్టన్ తెలుగువాళ్ళు పేర్‌లాండ్ మీనాక్షి గుడి చూసుకుని ఇటు బీచికి వస్తుంటారు. ఈసారి వచ్చినప్పుడు ఎవెన్యూ ఎం మీద 2627 నంబరు దగ్గర కారాపండి. ఆనాటి లైబ్రరీ భవనం ఓల్డ్ సెంట్రల్ కల్చరల్ సెంటర్‌గా ఇంకా నిలిచే ఉంది. పిల్లల్నీ వెంట తీసుకురండి.